పురుగుల మేడమ్

పురుగుల మేడమ్ పోయారని నాకు చెప్పింది షుగర్ టెస్టుకి రక్తం ఇవ్వడానికి వచ్చిన ఒక రిటైర్డ్ మేష్టారు. సూది కనపడకుండా మొహం పక్కకి తిప్పుకుని, భయం తెలియకుండా ఉండడానికి ఏదో ఒకటి మాట్లాడుతున్నాడు. "పెదబొడ్డేపల్లిలో ఆవిడ పోయింది, తెల్దా మీకు? మోషన్ టెస్టులు సేసీవోరు, పురుగుల మేడమ్. మొన్న సోమవారం. మీరు ఆవిడ దగ్గరే కదండీ పని నేర్సుకున్నారు?"

అవునన్నాను. ట్యూబు నిండింది. దూది పెట్టి, చెయ్యి మడవమన్నాను. అప్పుడు నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు, ఊరట. ఆ సంగతి తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఇక నేనొక్కణ్ణే మిగిలాను అనుకున్నాను. పని నేర్పిన మనిషి చనిపోయిందని విని, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నవాడు ఎలాంటివాడో మీరే అనుకోండి.

ఆ సంగతి చెబుతాను. చెప్పడానికే కూర్చున్నాను. కానీ ముందు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పకపోతే నేను చేసిన పని ఎంత తప్పో తెలియదు.

ఆవిడకి లక్షణమైన పేరే ఉంది గానీ ఊళ్ళో ఎవరికీ దాని అవసరం పడలేదు. మేం పనిచేసిన నర్సింగ్ హోమ్ బస్సు కాంప్లెక్స్ వెనక వీధిలో ఉండేది. ఇప్పుడు లేదు, అక్కడ సెల్‌ఫోన్ల షాపు వచ్చింది. కొండల మీంచి దిగే బస్సులన్నీ ముందు నర్సీపట్నంలోనే ఆగుతాయి కాబట్టి జ్వరాలూ, దగ్గులూ, కడుపునొప్పులూ కూడా ముందు ఇక్కడే దిగుతాయి. వచ్చినవాళ్ళు మొదట్లో ఆవిడ వెనకాలే పురుగుల మేడమ్ అనుకునేవారట. ఒకరోజు కౌంటరు దగ్గర ఎవరో నోరు జారి "పురుగుల మేడమ్ వచ్చేరా?" అని గట్టిగా అడిగితే, లోపల్నుంచి ఆవిడే "వచ్చేను, ఉన్నాను, నువ్వు తెచ్చేవా?" అని కేకేశారట. అప్పట్నుంచి ఆ పేరు ఖాయమైపోయింది.

నేను విశాఖలో పెద్ద లాబ్‌లో ఆరేళ్ళు చేసి వచ్చినవాణ్ణి. అక్కడ ట్యూబు మిషన్లో పెడితే అదే చదువుకుని అదే అచ్చు వేసేది. మోషన్ టెస్టులు జూనియర్ల మీదకి తోసేసేవాళ్ళం. అలాంటివాణ్ణి ముప్ఫై దాటాక సొంత ఊరు వచ్చి, కొండ మీద ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ కింద మలంలో పురుగులు వెతికే పనిలో కుదురుకోవడం నామర్దాగా ఉండేది. ఏం పని అని చుట్టాలు అడిగితే "బ్లడ్ టెస్టులు" అనే చెప్పేవాణ్ణి.

మొదటి రోజే నాకు ఒక స్లైడ్ ఇచ్చారు. రెండు నిమిషాలు చూసి లేచాను.

"ఏటి కనపడింది?"

"నిల్, మేడమ్."

"నిల్ అంటే ఏటి?"

"ఏమీ లేవని."

ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని నన్ను ఎగాదిగా చూశారు. "ఆయన కడుపులోకి ఎల్లి మొత్తం సూసొచ్చేవా? సూసింది ఆవగింజంత. ఆ ఆవగింజలో నీకు కనపడలేదు. అదే రాయి. నాట్ సీన్. లేవు అని సెప్పీడానికి మనమెవరం? సూసేం, కనపడలేదు. అంతవరకే మన హక్కు."

ఆవిడ రిపోర్టుల్లో ఎన్నడూ నిల్ అన్న మాట ఉండేది కాదు. దాంతో వచ్చే తంటాలు మాత్రం నేను పడేవాణ్ణి. నాలుగు ఇంగ్లీషు ముక్కలు తెలిసిన ఒకాయన రిపోర్టు పట్టుకుని వెనక్కి వచ్చి, "పొద్దున్నే పరగడుపున తెచ్చి ఇస్తే సూడలేదు అని రాసీసేరేటండీ?" అని దెబ్బలాటకి దిగాడు. డాక్టరుగారు కూడా ఆ మాట మార్చమని ఆవిడని బతిమాలారు. మేడమ్ మార్చలేదు. దెబ్బలాటకి వచ్చినాయన్ని లోపలికి పిలిచి, స్టూలు మీద కూర్చోబెట్టి, ఆయన స్లైడ్ ఆయనకే చూపించారు. ఆ తర్వాత ఆయన మళ్ళీ కనపడలేదు.

చూడడం అంటే ఆవిడకి దుక్కి దున్నడం. రోలుగుంట పక్క రైతుల ఇంట్లో పుట్టిన మనిషి, ఆ భాష పోలేదు. "ఆ సివర్నుంచి ఈ సివరికి దున్నుకుంటూ రా. తిరిగి ఇంకో సాలు పట్టు. గట్టు పక్కన వదిలీకు, కలుపంతా గట్టు పక్కనే ఉంటాది." చూస్తున్నంతసేపూ పెదాలు కదిలేవి, సాళ్ళు లెక్కపెట్టుకునేవారు. కుడిచేతి చిటికెనవేలు పైకి లేచి ఉండేది. ఏదైనా దొరికితే దాని పేరు చెప్పేవారు కాదు. కుర్చీ వెనక్కి జరిపి, "వచ్చేరండీ బాబుగారు. రా, దర్శనం సేసుకో" అనేవారు. ఏలికపాము గుడ్డు ఆవిడ లెక్కలో పనసకాయ. కొరడా పురుగు గుడ్డు మద్దెల. లాటిన్ పేర్లు రిపోర్టులో ఒక్క అక్షరం పొల్లు పోకుండా రాసేవారు గానీ నోటితో అనగా నేను వినలేదు.

ఒకసారి నేను "లార్వా, లార్వా" అని అరిచి ఆవిణ్ణి భోజనం దగ్గర్నుంచి లేపాను. చెయ్యి కడుక్కుని వచ్చి ఒక్క క్షణం చూశారు. "దాని పొట్టలో పేగుందా?"

"లేదు మేడమ్."

"పేగుంటే పురుగు, లేకపోతే కూర. ఇది బెండకాయ నూగు." వెళ్ళి మళ్ళీ అన్నం ముందు కూర్చున్నారు. వారం రోజులు నేను ఎదురుపడినప్పుడల్లా "ఏటి, ఇయ్యాల కూరేటి?" అని అడిగేవారు. నర్సులు పడీపడీ నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఎవరొచ్చినా ముందు ఆవిడ చూపు పడేది కాళ్ళ మీద. నర్సింగ్ హోమ్ గుమ్మం దగ్గర డాక్టరుగారు 'చెప్పులు బయట విడువవలెను' అని బోర్డు రాయించారు. మేడమ్ ఆ బోర్డుకి ఎదురుగా నిలబడి, "సెప్పులేవీ? తొడుక్కుని రా లోపలికి. మట్టిలోంచి పురుగు పాదంలోంచే ఎక్కుతాది. దేవుడి గదేటి ఇది?" అని జనాన్ని వెనక్కి పంపేవారు. పేషెంట్లు ఆ గుమ్మంలో చెప్పులు విడవాలో తొడగాలో తెలియక తిప్పలు పడేవారు.

మంచి మనిషి అని ఒక్క ముక్కలో రాసేస్తే అబద్ధమే అవుతుంది. ఆవిడకి కోపం ముక్కు మీద ఉండేది. ఒక్కనాడూ ఎవర్నీ బాగా చేశావని అనలేదు. తన మైక్రోస్కోపు మరొకరు ముట్టుకుంటే మొగుడి పాత పంచెగుడ్డతో మళ్ళీ మొదట్నుంచీ తుడిచేవారు. ఇక కళ్ళ విషయంలో ఆవిడకి ఉన్నది ఉత్త పొగరే. అరవై దాటాక కూడా నర్సులు సూదీ దారం తెచ్చి ఇస్తే ఒక్క పోటుకి ఎక్కించి, "మీ వయసేటే గుంటల్లారా?" అనేవారు.

కొండ నుంచి వచ్చేవాళ్ళు కొందరు ఆకులో తెచ్చేవారు. అడ్డాకులో పెట్టి, పొట్లం మడిచి, పైన నారతో కట్టి. రేపు తెండి అని మనం డబ్బా ఇవ్వకుండా పంపిస్తే వాళ్ళేం చేస్తారు? తినేదైనా పట్టుకెళ్ళేదైనా వాళ్ళకి శుభ్రమైనది ఆ ఆకే. మేడమ్ ఆ పొట్లాన్ని రెండు చేతులతో అందుకునేవారు. నాకు మాత్రం పదిసార్లు చెప్పారు. "ఆకులో తెస్తే కోప్పడకు. ఆకుకి అంటిన మట్టిలో కూడా సన్న పురుగులుంటాయి. ఆటికీ మనిషి పురుగుకీ తేడా మూతి కాడ తెలుస్తాది, పెద్ద లెన్సు పెట్టి మూతి సూడు. తెలకపోతే డబ్బా ఇచ్చి మళ్ళీ తెమ్మను. మళ్ళీ తెమ్మనడానికి నువ్వు సిగ్గుపడకు, ఆళ్ళనీ సిగ్గుపడనీకు." నేను ఆ చెవిన విని ఈ చెవిన వదిలేశాను.

ఒక పురుగు గురించి ఇక్కడ చెప్పాలి. కొంకి పురుగుకి దగ్గర చుట్టంలాంటిది. తడి మట్టిలోంచి వట్టి పాదాల్లోకి ఎక్కుతుంది. ఏళ్ళ తరబడి కడుపులో చడీచప్పుడూ లేకుండా ఉంటుంది. అప్పుడప్పుడూ దగ్గు, ఒంటి మీద దురద, ఆయాసం, అంతే. ఆ ఆయాసానికని స్టెరాయిడ్ ఇచ్చారా, ఒంట్లో కాపలా పోయి, అది పదులు వేలై, పేగులు దాటి ఊపిరితిత్తుల్లోకి పాకుతుంది. అప్పుడు ప్రాణం మీదకి వస్తుంది. అందుకే కొండ నుంచి వచ్చినవాళ్ళకి స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు మోషన్ చూసి తీరాలని డాక్టరుగారితో దెబ్బలాడి రూలు పెట్టించింది మేడమే.

పదకొండేళ్ళ కిందట, శ్రావణంలో, పాయకరావుపేటలో వాళ్ళ చుట్టాలింట్లో పెళ్ళి. మేడమ్ ఒక్కరోజు సెలవు పెట్టారు. రిపోర్టు మీద సంతకం ఆవిడదే ఉండాలి. "మీరు లేకపోతే రిపోర్టులు ఆగిపోతాయి. నాలుగు ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి వెళ్ళండి" అని నేనే అడిగాను.

"సూడకుండా సంతకమేటి? తప్పు."

చిన్న లాబ్‌లన్నిట్లో ఇది మామూలే అన్నాను. రెండోసారి అడిగాను. మూడోసారి అడిగేటప్పటికి బయట వాళ్ళాయన స్కూటరు హారన్ కొడుతున్నాడు. పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషి, టైమంటే ప్రాణం. "బేగి రావే, బస్సెల్లిపోద్ది!" అని అరుస్తున్నాడు. మేడమ్ నిలబడే నాలుగు ఫారాల మీద సంతకాలు గీకారు. "నాలుగే. మిగిల్తే సింపీ" అని వెళ్ళిపోయారు.

పదకొండు గంటలకి ఆమె వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. ముక్కుకి మూడు పోగులు. ఆయాసంతో బల్ల మీద కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడింది. వెంట ఒక ముసలాయన, తండ్రో మామో అడగలేదు. డాక్టరుగారు స్టెరాయిడ్ రాయాలి, ముందు మోషన్ చూసి పంపమని ముందురోజే ఆమెకి చీటీ ఇచ్చారు. ఆమె కొంగు చాటునుంచి ఆకు పొట్లం తీసి నా ముందు పెట్టింది.

"ఇదేటమ్మా, కూరలాగ పొట్లం కట్టీసేవు?" అన్నాను. గట్టిగానే అన్నాను, నర్సులు వినాలని. వాళ్ళు నవ్వారు. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నేల చూసింది. డబ్బాలు నా తల పక్కన అలమారలోనే ఉన్నాయి.

స్లైడ్ వేసి చూశాను. మొదటి సాల్లోనే ఒకటి కనపడింది. సన్నగా, మెలికలు తిరుగుతూ ఈదుతోంది. పక్కన ఇంకొకటి. పేగుంది. కూర కాదు, పురుగే. కానీ ఆకులో తెచ్చింది కదా, మట్టి పురుగై ఉంటుంది అనుకున్నాను. నిజానికి, అలా అనుకోవాలనుకున్నాను. పెద్ద లెన్సు తిప్పి మూతి చూడడానికి ఒక నిమిషం పట్టేది. చూడలేదు. డబ్బా ఇచ్చి మళ్ళీ తెమ్మంటే ఆమె ఆ రాత్రి ఊళ్ళో ఉండిపోవాలి, రేపు పొద్దున్న నేను మళ్ళీ ఆ మొహం చూడాలి. ఇందాకటి నవ్వు తర్వాత నాకు ఆ మొహం చూడాలని లేదు.

ఫారం తీసుకున్నాను. నాట్ సీన్ అని రాయబోయాను. చెయ్యి ఆగింది. కనపడ్డాయి కదా, కనపడలేదని ఎలా రాస్తాను? అక్కడ నాకు నిజాయితీ అడ్డం వచ్చింది. అందుకని నిల్ అని రాశాను. కింద మేడమ్ సంతకం ఉంది.

స్టెరాయిడ్ మొదలైన పది రోజులకి ఆమెని మోసుకొచ్చారు. కడుపు ఉబ్బిపోయి ఉంది, జ్వరం, వాంతులు, దగ్గితే కళ్ళెలో నెత్తురు. డాక్టరుగారు కళ్ళె పరీక్షకి పంపారు. ఆ రోజు మేడమ్ ఉన్నారు. స్లైడ్ పెట్టి చూశారు. బాబుగారు వచ్చేరు అనలేదు. దర్శనం చేసుకోమనలేదు. తర్వాత కుర్చీ జరిపి, నన్ను చూడమన్నట్టు పక్కకి తప్పుకున్నారు. నేను చూశాను. మూతి చూడక్కర్లేదు, కళ్ళె నిండా అవే.

మేడమ్ ఫైల్లోంచి పాత ఫారం తీశారు. నిల్ అన్న మాట చూశారు. అది ఎవరి చేతి రాతో, ఎవరి మాటో ఆవిడకి ఒకరు చెప్పాలా?

"ఆకులో తెచ్చిందా?" అని అడిగారు.

"అవును మేడమ్."

అంతే. ఆ విషయం మీద మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు అవే.

డాక్టరుగారు విసురుగా వచ్చారు. అంబులెన్సుకి ఫోన్ చేయించి, ఫారం మేడమ్ ముందు పెట్టారు. "ఇది మీ రిపోర్టే కదా? ఇన్ని పురుగులు మీకు కనపడలేదా?"

మేడమ్ లేచి నిలబడ్డారు. "సంతకం నాదేనండి" అన్నారు.

"మీ కళ్ళు..." అని డాక్టరుగారు ఆగిపోయారు. పెద్దావిడ అని గౌరవం. "పోనీ లెండి. ఇంక రెస్టు తీసుకోండి మేడమ్. ఇంత వయసులో మిమ్మల్ని కష్టపెట్టడం నాదే తప్పు."

నేను రెండు గజాల దూరంలో కుళాయి కింద స్లైడ్లు కడుగుతున్నాను. కుళాయి కట్టేసి "నేను సార్" అంటే సరిపోయేది. రెండు మాటలు. నేను కడిగిన స్లైడ్లే మళ్ళీ కడిగాను. మేడమ్ నా వైపు చూడనైనా లేదు. చూసి ఉంటే చెప్పేవాణ్ణేమో అని చాలాకాలం నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. ఉద్యోగం పోతుందని భయం, ఇంట్లో చంటిపిల్ల ఉందని సాకు. పిరికితనానికి ఇన్ని పేర్లు ఉంటాయని ఆ రోజే తెలిసింది.

నన్ను కాపాడడానికి ఆవిడ నింద మీద వేసుకున్నారని మీరు అనుకుంటారేమో. నాకు అలా అనిపించదు. వెళ్ళిపోయే ముందు పంచెగుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంటూ నాతో ఒకే మాట అన్నారు. "ముందే సంతకం పెట్టడం నేను సేసిన తప్పు. నువ్వెప్పుడూ పెట్టకు." ఆవిడ తన తప్పు తన లెక్కలో వేసుకున్నారు. నా తప్పు నాకు వదిలేశారు. నన్ను నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండునో.

నేను ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. పురుగుల మేడమ్‌కి కళ్ళు పోయాయట, ఎవరికో తప్పు రిపోర్టు ఇచ్చేసిందట అని ఊళ్ళో పాకిపోయింది. కౌంటరు దగ్గర ఒకావిడ, "నిజమేనేటండి? ఆవిడకి సూపు ఆనట్లేదేటి?" అని నన్ను అడిగింది. ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు. "వయసు కదండీ" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఈ మొత్తం కథలో నాకు ఇప్పటికీ ఒంట్లో వేడి పుట్టించేది ఆ మాట.

తర్వాత నాలుగేళ్ళకి అనుకుంటాను, రైతుబజారులో ఆవిడ ఎదురయ్యారు. తోటకూర కట్టలు విప్పించి వేళ్ళు చూస్తున్నారు, అమ్మేవాడు గింజుకుంటున్నాడు. నేను అరటిపళ్ళ బండి చాటుకి తప్పుకున్నాను. ఆ కళ్ళకి అది చాటా?

"ఏటి, నన్ను సూసి దాక్కుంటన్నావు? సొంతంగా లాబ్ పెట్టేవట కదా?"

"అవును మేడమ్."

"రిపోర్టులో ఏటని రాస్తన్నావు?"

"నాట్ సీన్ అనే మేడమ్."

"సరే" అని మళ్ళీ తోటకూర వైపు తిరిగారు. నేను ఏ కూరా కొనకుండా ఇంటికి వచ్చేశాను. నిజమే, ఆ శ్రావణం తర్వాత నేను నిల్ అని రాయలేదు. మూతి చూడకుండా ఏ పురుగునీ వదల్లేదు. ఇప్పుడు మాకవరపాలెం నుంచి కూడా నా పేరు చెప్పుకుని వస్తారు. జాగ్రత్తగా చూస్తాడు, పెద్దావిడ దగ్గర నేర్చుకున్నాడు అంటారు. అలా అన్నప్పుడల్లా నేను తల వంచుకుంటాను. వినయం అనుకుంటారు.

మేష్టారు చెప్పిన మూడు రోజులకి పెదబొడ్డేపల్లి వెళ్ళాను. పోస్టుమాస్టరుగారు వీధి అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎనభై దగ్గర పడుతున్నట్టున్నారు. నన్ను గుర్తుపట్టి, కోడల్ని కేకేసి టీ తెమ్మన్నారు.

"రోజూ అన్నం కాడ ఆ పురుగుల కబుర్లే సెప్పీది బాబూ" అన్నారు. "నాకు పప్పులో జీలకర్ర కూడా కదుల్తన్నట్టు ఉండీది. వద్దే అంటే వినీది కాదు." నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. "ఆ పేట పెళ్ళికెల్లొచ్చిన పది రోజులకి మటుకు ఏటీ సెప్పలేదు. సూడకుండా సంతకం పెట్టీసేను, మనిషి ప్రాణం మీదకొచ్చింది అంది. అంతే. ఆ స్లైడ్ ఎవరు సూసేరో సెప్పలేదు, నేనూ అడగలేదు. ఊళ్ళో కళ్ళు పోయేయని అంటంటే కడుపు రగిలిపోయీది. పోయిందాకా కళ్ళు బాగానే ఉన్నాయి బాబూ దానికి."

టీ వచ్చింది. నేను గ్లాసు పట్టుకోలేదు.

"ఆ స్లైడ్ చూసింది నేనండీ" అన్నాను.

మొదలుపెట్టాక ఆగలేదు. ఆకు దగ్గర్నుంచి 'వయసు కదండీ' అన్న మాట దాకా అంతా చెప్పాను. కొడతారేమో అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన వింటున్నంతసేపూ వీధిలోకే చూశారు. నేను ఏడుస్తుంటే ఊరుకోమనలేదు. అయిపోయాక, "ఇది ఆవిడకి సెప్పుంటే బాగుండీది బాబూ. నాకేటి?" అన్నారు.

తర్వాత నా వైపు తిరిగారు. "ఆ కొండమనిషిది కొయ్యూరు అవతల ఏదో ఊరని సెప్పీది. ఎలగున్నాదో సూసొద్దాం తీసుకెల్లండి అని రెండు మూడు పాలీలు అడిగింది నన్ను. ఘాటీలో స్కూటరెక్కదు, మోకాళ్ళు నొప్పి అనీసి నేనే ఎల్లనీలేదు. ఇప్పుడనిపిస్తంది. పెద్దకర్మ అయిపోనిచ్చి మనిద్దరం బస్సెక్కి ఎల్దాం బాబూ. బతికుంటే సూసొద్దాం. లేకపోతే ఆళ్ళ పిల్లలుంటారు కదా, ఆళ్ళతో మాటాడదాం. పేరేటి ఆ మనిషిది? మా ఆవిడ సెప్పే ఉంటాది, నాకే గుర్తులేదు."

నేను చల్లారిన టీ గ్లాసు పక్కకి జరిపాను.

"మీ రిజిస్టర్లో ఉంటాది కదా బాబూ?"

నర్సింగ్ హోమ్ మూసేసినప్పుడు ఆ రిజిస్టర్లూ ఫైళ్ళూ పాత కాగితాలవాడికి వేసింది నేనే. అతను ఆటోలో కట్టలు ఎక్కిస్తుంటే హాయిగా అనిపించింది. ఆ సంగతి కూడా ఆయనకి చెప్పాను.

"పోన్లే. నీకు గుర్తుండదేటి?"

ఆమె ముక్కు పోగులు గుర్తున్నాయి. పొట్లానికి కట్టిన నార గుర్తుంది. మొహానికి అడ్డం పెట్టుకున్న కొంగు అంచు రంగు కూడా గుర్తుంది. పదకొండేళ్ళలో నేను ఆ రోజుని తలుచుకోని వారం లేదు. తలుచుకున్నప్పుడల్లా నా గురించే తలుచుకున్నాను, మహా అయితే మేడమ్ గురించి.

"గుర్తులేదండీ" అన్నాను.

"ఇశాపట్నం పంపించేరు కదా, బతికిందా మరి?"

"తెలీదండీ."

"ఎవర్నీ అడగలేదేటి?"

"లేదండీ."

నేను తల వంచుకుని అరుగు మీద కూర్చుని, ఆ పేరు కోసం వెతుకుతూనే ఉన్నాను. మొదటి అక్షరం కూడా తగల్లేదు. ఫారం మీద ఆ పేరు రాసింది నేనే. ఆయాసపడుతూ ఆమె రెండుసార్లు చెబితే విని, నా చేత్తో నేనే రాశాను.